ఊనాకి ఒక రాయి, ఒక బోర్డు

మే 12
కౌన్సిల్ ఆఫీసులో స్మారకాలు చూసే బెవర్లీ నాన్‌కర్విస్ గారికి, జెట్టీ పక్కన ఎరల కొట్టు మెర్విన్ రాసేది.

స్కూలు ముందు ముప్పై ఒక్కేళ్లుగా పిల్లల్ని రోడ్డు దాటిస్తున్న ఊనా క్రెగన్ జూన్ 27న రిటైరై, ఆ సాయంత్రమే బస్సెక్కి చెల్లెలి ఊరికి వెళ్లిపోతోంది. మా అమ్మాయి టిల్లీ ఆరేళ్లప్పుడు బంతి కోసం రోడ్డు మీదికి ఉరికితే, లారీకి జానెడు దూరంలో కాలరు పట్టి వెనక్కి లాగింది ఆవిడే. ఆ రోజు నాకు నోట మాట రాలేదు. తర్వాత తొమ్మిదేళ్లూ ఆవిడ కనబడితే థాంక్స్ చెప్పలేక వాతావరణం గురించే మాట్లాడాను. అందుకని ఆవిడ వెళ్లేలోపు క్రాసింగు పక్కన, మీ కౌన్సిల్ స్థలంలో, ఒక రాయి నిలబెడతాను. ఆవిడ చేతిలో ఉండే గుండ్రటి "ఆగు" పలకలా చెక్కుతాను.

ఇట్లు,
మెర్విన్ టోల్‌హర్స్ట్

తా.క. ఫారంలో చేర్చడం, మార్చడం, తీసేయడం మూడింటికీ టిక్కు పెట్టాను. ఏదో ఒకటి తగలకపోదని.

మే 16
మెర్విన్ టోల్‌హర్స్ట్ గారికి,

రాతి "ఆగు" పలక పెడితే బళ్లు ఆగి ఇక కదలవని రోడ్ల విభాగం అభ్యంతరం. ఊనా గారు మరణించిన తేదీ గడి ఖాళీగా ఉంది. ఖాళీలు ఉండకూడదు.

భవదీయురాలు,
బి. నాన్‌కర్విస్

మే 19
బెవ్ గారూ,

"ఆగు" తీసేసి "థాంక్యూ ఊనా" అని పెట్టాను. ఖాళీ వద్దన్నారుగా, ఆ గడిలో ఆవిడ ఊరు వదిలే తేదీ రాశాను.

మీ మెర్విన్

తా.క. కాస్త తొందరపడండి. బస్సు మన కోసం ఆగదు.

మే 23
మెర్విన్ గారికి,

మీరు రాసిన మరణ తేదీ ఇంకా రాలేదు. ముందే తెలిసిందంటే అది నా పని కాదు, పోలీసులది. బతికున్నవాళ్లకి స్మారకాలు పెట్టం. పోయాక పదేళ్లాగి అడగండి. అయినా దరఖాస్తంటూ వచ్చాక రూలు ప్రకారం, మీ కారణం మీ మాటల్లోనే పెద్ద అక్షరాలతో రాసి, జనం అభిప్రాయాల కోసం ఆ చోట ఇరవై ఎనిమిది రోజులు బోర్డు పెట్టాలి. మే 31న పెడుతున్నాం.

బి. నాన్‌కర్విస్

జూన్ 3
బెవ్ గారూ,

కొంప ముంచారు! ఊనా రోజూ నిలబడేది ఆ బోర్డు పక్కనే కదండీ! నిన్న పొద్దున మొత్తం చదివింది. "ఏరా మెర్వ్, తొమ్మిదేళ్లా? నీకంటే ఆ లారీ బ్రేకులే నయం, తొందరగా పడ్డాయి" అంది. నాకు అప్పుడొచ్చింది మాట. థాంక్స్ ఊనా అన్నాను. ఇద్దరం క్రాసింగు మధ్యలోనే నిలబడి ఏడ్చాం. రెండు వైపులా బళ్లు ఆగిపోయాయి. రోడ్ల విభాగం వాళ్లు చెప్పింది నిజమేనండీ. ఇప్పుడు ఊరంతా వచ్చి ఆ బోర్డు మీదే థాంక్సులు రాస్తోంది.

మీ మెర్విన్

తా.క. ఊనా కూడా అభ్యంతరం రాసింది: "జానెడు కాదు, మూరెడు. కోతలు కొయ్యకు."

జూన్ 27
మెర్విన్ గారూ,

మీ దరఖాస్తు తిరస్కరించాం. కారణం: ఊనా గారు బతికే ఉన్నారు. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ తిరస్కరించలేదు. బోర్డు గడువు ఈరోజుతో సరి. ఆవిడ బస్సూ ఈరోజే. మే 31 అని లెక్కపెట్టి వేసింది నేనే. ఇక ఆ బోర్డు తీసేయాలంటే ఎవరైనా దరఖాస్తు పెట్టాలి. మీరు "తీసేయడం" గడిలో పెట్టిన టిక్కు కొట్టేశాను. ఇంకెవరూ అడగలేదు.

మీ బెవ్

తా.క. బోర్డు పైమూల "నా జడ రిబ్బను ఊడితే రోజూ కట్టింది నువ్వే ఊనా. ఇట్లు, రెండో తరగతి బెవర్లీ" అని ఎవరు రాశారో దయచేసి విచారించకండి.