జుట్టు కత్తిరించే ముందు చెప్పవలసిన మాట

వీధి మలుపులో సెలూను నడుపుకునే నేను, ఒంట్లో జబ్బున్నా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నాకు మతి చలించిందని పిల్లల సంక్షేమాధికారి గారు తప్పకుండా అంటారు. డాక్టరు చేత సాక్షి సంతకం పెట్టిస్తున్నది అందుకే.

1. సెలూను, అందులోని కుర్చీలు, అద్దాలు సర్వహక్కులతో నేను పెంచుతున్న పిల్లకు చెందుతాయి. ఆమెకు మైనారిటీ తీరేదాకా నా వకీలు చూసుకోవాలి.

2. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఒక పెంపుడింట్లో ఉండేవాళ్లం. సంక్షేమ ఆఫీసువాళ్లు పిల్లల్ని ఒక పెంపుడింటి నుంచి ఇంకో ఇంటికి మార్చే ముందురోజు జుట్టు కత్తిరించేవారు. ఎక్కడికో, ఎందుకో చెప్పేవారు కాదు. తమ్ముడికి కత్తిరించిన రోజు ఫొటో కోసమన్నారు. వాడు కదలకుండా తల పట్టుకున్నది నేనే. మర్నాడు వాడు లేడు. ఎప్పటికైనా వాడు ఈ గుమ్మం తొక్కితే, నా చేతి అద్దం వాడిది.

3. ఆ పెంపుడింటి కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచినవాడు, వాటాకి వస్తాడు. చిల్లిగవ్వ ఇవ్వకూడదు. తమ్ముణ్ణి పంపేస్తారని వాడికి ముందే తెలుసు. వాళ్లమ్మ నాకు కప్పిన నీలం దుప్పటి మాత్రం తిరిగి ఇచ్చేయండి. ఆవిడ మంచిదే, నోరు విప్పే ధైర్యమే లేదు.

4. పెద్దయ్యాక తమ్ముడి జాడ అడిగితే, నా మంచి కోసమే చెప్పడం లేదని అధికారి గారు సెలవిచ్చారు. నా మంచేమిటో ఆయనకు తెలిసి నాకు తెలియకూడదట. ఆయనకు నా పాత కత్తెర ఇస్తున్నాను. మొద్దుబారిపోయింది, ఎవరికీ పనికిరాదు. ఆయనకు సరిజోడు.

5. ఆఫీసు కోసమని ఆయన కన్నేసిన హాలు, సెలూను మేడ మీదిది, ఆ ఆఫీసుకే ఇస్తున్నాను. షరతు ఒకటే. ఏ పిల్ల గురించి నిర్ణయించినా ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టాలి. ఆమె గురించి రాసినదంతా ఆమెకు చదివి వినిపించాలి. ఒక్కసారి తప్పినా హాలు నా పిల్లకే చెందుతుంది.

6. తల్లీ, నా జబ్బు సంగతి డాక్టరు చెప్పిన సాయంత్రమే నీకు చెప్పాను. కోపమొచ్చి నాతో మాట్లాడటం మానేశావు. అదీ నీ హక్కే. నా తర్వాత నువ్వుండేది మన డాక్టరు దగ్గర పనిచేసే నర్సమ్మ ఇంట్లో. ఇల్లు చూసి ఒప్పుకున్నది నువ్వే. అధికారి వద్దన్నా, వాళ్లు వేరే ఇంటికి పంపేసిన నీ చెల్లెలి అడ్రసు నీ చేతిలో పెట్టాను. ఊరందరి జుట్టూ కత్తిరించాను గానీ నువ్వు అడగలేదని నీ జుట్టు ముట్టుకోలేదు. రేపు ఎవరైనా కత్తెరతో వస్తే ఎక్కడికి, ఎందుకు అని అడుగు. జవాబు చెప్పేదాకా కుర్చీ ఎక్కకు.

తేదీ: జూన్ తొమ్మిది, సోమవారం

సంతకం: కత్తెరమ్మ

సాక్షులు:
నాకు వైద్యం చేస్తున్న డాక్టరు
పక్క షాపు సైకిలు మెకానిక్ (మొత్తం చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేశాడు)