నొప్పి లేని పన్ను

మంగళవారం, నిజామాబాద్ హాస్టల్

చెరుకు కొట్టే సాయవ్వ ఇవాళ కోటగిరి నుంచి మా డెంటల్ కాలేజీకి బ్రిడ్జి, అంటే పక్క పళ్లకు తగిలించే కట్టుడు పన్ను, పెట్టించుకోవడానికి వచ్చింది. ఊడిన పన్నుకు అటూ ఇటూ ఉన్న రెండు గట్టి పళ్లను పోయిన నెల నేనే అరగదీశాను. డ్రిల్లు చల్లబడేందుకు నీళ్లు చిమ్మితే నోట్లో పెట్టిన అద్దంలో ఏమీ కనబడదని, మా బ్యాచంతా చేసినట్టే, నీళ్లు ఆపేసి.

ఇవాళ నరం బతికుందో లేదో చూడ్డానికి మంచుముక్క ఆనిస్తే ఒక పన్ను జివ్వుమంది. రెండోదానికి ఆమె రెప్ప కూడా ఆర్పలేదు.

"ఏమన్నా తెలుస్తుందా అక్కా?"

"ఏం తెలుస్తలేదు సారూ. మొన్నటిదాంక మస్తు గుంజింది, ఇప్పుడు నొప్పే లేదు. నీ చెయ్యి మంచిది."

నీళ్లు లేని డ్రిల్లు వేడికి లోపలి నరం చచ్చిపోయింది. నిక్షేపంలాంటి పన్నును నేనే చంపాను! శుక్రవారం మళ్లీ రమ్మన్నాను. చచ్చిన నరం తీసెయ్యడానికని మాత్రం చెప్పలేదు.

పోతూ పోతూ అంది: "మా చెల్లెను గూడ నీ దగ్గర్కే తోల్కొస్త."

తలూపాను.