ఇద్దరు ఈదమ్మలు

బిడ్డా అనుపమా, తాత ముద్దుల డాక్టరమ్మా,

నర్సు చదువుతుంటే డాక్టరమ్మ అన్నందుకు నీకు కోపమొస్తదని తెలుసు, గందుకే అన్న. హాస్టల్ల తిండి బాగలేదని మీ అమ్మకు ఫోన్ చేసి ఏడ్చినవట. సూదులిచ్చుడు నేర్పుతున్నరు కద, ముందుగాల ఆ వంటోనికి ఒకటి ఇయ్యి, బాగైతడు.

ఫోనుండంగ ఉత్తరమేంది ముసలోడా అంటవ్. ఫోన్ల మాట్లాడితే మీ నాయినమ్మ వింటది. ఆమె ఒక్కతైతే ఫికరు లేదు. ఆమె పక్కన ఇంకొకామె గూడ కూసొని వింటది. ఆ ఇంకొకామెకు చదువు రాదు. గందుకే కాయితం మీద రాస్తున్న. తప్పులుంటే దిద్దుకొని చదువు. నా బడి వానకు కూలిపోయింది, మళ్ళ ఎవ్వరు కట్టలే.

ఆమె ఎవరో చెప్తే నవ్వొద్దు. నా మొదటి పెండ్లాం, రేణుకమ్మ.

మీ నాయిన పుట్టకముందే పోయింది ఆమె. తొలి కాన్పుల పోయింది, బిడ్డ గూడ దక్కలే. దవాఖానకు తీస్కపోదామంటే, మొగ డాక్టరు ముంగట మా ఇంటి కోడలా అన్నది మా అమ్మ. మా అమ్మ మాట మీద ఇంకో మాట లేకుండె అప్పుడు. కొన్నాళ్ళకు మీ నాయినమ్మను నాకిచ్చి చేసిన్రు. పుస్తెలతోపాటు ఆమె మెడల ఒక సిన్న వెండిబిళ్ళ గూడ కట్టిన్రు. నువ్వు సిన్నప్పుడు దాన్ని నోట్ల పెట్టుకొని చీకేదానివి. అది సౌతిబిళ్ళ. సచ్చినామె కొత్తామెను చూసి కుళ్ళుకుంటదట, మంచం పట్టిస్తదట. గట్ల కాకుంట ఆమె బొమ్మను మెడల ఏసుకొని మొక్కాల్నట. పెద్దలు చెప్పిన్రు, ఈమె కట్టుకున్నది.

మొన్న సచ్చినోళ్ళకు పెట్టే పెత్తరమాస పోయినకాన్నుంచి ఇంట్ల తేడా వచ్చింది. మీ నాయిన టాక్సి ఏసుకొని విమానాల కాడికి పోతడు, మీ అమ్మ గూడ అండ్లనే కౌంటర్ల నౌకరి. పైన పోర్షనుకు తాళం. కింద మేమిద్దరమే. అయినా వంటింట్ల రెండు గొంతులు వినొస్తున్నయి. నేను పోతే ఒక్క గొంతే ఉంటది, నవ్వు మాత్రం ఇంకా గోడకు అంటుకొని ఉంటది.

మీ నాయినమ్మ తల పండిపోయింది కద. పొద్దుగాల దువ్వెన చూస్తే దాంట్ల బారెడు నల్లెంటిక. ఇంకో దినం పీట ముంగట పెట్టిన జొన్నరొట్టెకు పంటిగాట్లు, సన్నగ, వరుసగ, మల్లెమొగ్గల లెక్క. మా ఇద్దరి పండ్లు నీళ్ళ గిలాసల ఉంటయి బిడ్డా. మా ఇంట్ల కొరికెటోళ్ళు ఎవరున్నరు?

నాకు భయం కాలే అంటే అబద్ధం. కాని భయం కంటె మంట ఎక్కువైంది. పెనం మీది మొదటి రొట్టె ఆమెకు. రెండోది మీ నాయినమ్మకు. సల్లారినంక నాకు. "పాపం అక్క బతికున్నన్ని దినాలు వేడిది తినలేదయ్యా" అంటది. నా కుర్చీల గూడ ఆమెనే కూసుంటదట. నేను పోయి కూసుంటే "లే లే, అక్క ఒళ్ళో కూసున్నవ్" అని లేపుతది. పొద్దుమీకంగ ఇద్దరు కలిసి మిద్దె మీదికి పోతరు, విమానాలు చూస్తానికి. రేణుకమ్మ కలుపు తీసిన మక్కచేను ఇప్పుడు విమానం దిగే కాడ ఉన్నది. గా ముచ్చట చెప్పుకుంట నవ్వుకుంటరు. నన్ను పిలువరు.

నా పెండ్లాం నాకు కనబడదు, నా పెండ్లానికి కనబడ్తది. గీ బాధ ఎవరికి చెప్పుకోవాలె? సౌతి కుళ్ళుకుంటదని బిళ్ళ చేయించిన్రు గాని, మొగడు కుళ్ళుకుంటే ఏం చేయించాల్నో ఎవ్వరు చెప్పలే.

నీ పెండ్లి ముచ్చట మరిచిన. తుక్కుగూడ పిలగాడు అరుణ్‌కుమార్ నీకు నచ్చినోడే, మంచిదే. వాళ్ళ పంతులు నీ పేరు కలుస్తలేదు, స్వర్ణలత అని మార్చాలంటున్నడట, నువ్వేమో మొఖం మాడ్చుకున్నవట. మార్చుకుంటే ఏం పోతది బిడ్డా, నాలుగక్షరాలే కద. మనింట్ల గూడ గట్లనే అయింది. రేణుకమ్మ పుట్టింటి పేరు ఈదమ్మ. మా అమ్మ పేరు గూడ ఈదమ్మనే. ఇంట్ల ఇద్దరు ఈదమ్మలుంటే, పెండ తియ్యవే ఈదమ్మా అన్నప్పుడు ఎవరు లేవాలె? గందుకని పెండ్లిపీటల మీదనే కోడలికి రేణుకమ్మ అని పెట్టిన్రు. ఆమె ఏమన్న అన్నదా? ఏమనలే.

ఇగ నేనొక నిర్ణయం తీసుకున్న. జల్‌పల్లిల బాలమల్లు అని మంత్రగాడున్నడు. మీ నాయినమ్మ సంఘం మీటింగుకు పోయిన దినం పిలిపిస్త. ఎవ్వరికి చెప్పకు.

ఇట్లు,
ఇద్దరు పెండ్లాలుండి ఒంటరిగున్న నీ తాత సోమయ్య


బిడ్డా అనుపమా, సూదుల మహారాణీ,

నీ జవాబు వచ్చింది. "తాతా, ఆమె ఎవ్వరికేం చెడు చేస్తలేదు కద, ఉండనియ్యి" అని రాసినవ్. అప్పటికే పని అయిపోయింది.

బాలమల్లు మోపెడ్ మీద వచ్చిండు. నిమ్మకాయ, పసుపు, ఏపరెమ్మలు అన్ని తెచ్చిండు. నడింట్ల ముగ్గేసి, "బాపూ, ఆమె పేరు చెప్పు" అన్నడు. రేణుకమ్మ అన్న. పిలిచిండు, పిలిచిండు, నిమ్మకాయ కదల్లే.

"ఇది పుట్టిన పేరేనా? మీరు పెట్టిందా?"

"మేం పెట్టిందే."

"పెట్టిన పేరుకు సచ్చినోళ్ళు పలుకరు బాపూ. ఇంట్ల మొక్కుతున్నరు గనుక వచ్చింది గాని, అది ఆమె పేరు కాదు కద. పుట్టిన పేరు చెప్పు."

నేను సంబురంగ చెప్పిన. ఈదమ్మ అని.

"ఈదమ్మా, ఎక్కడున్నా రా" అని వాడు గొంతు చించుకున్నడు. అప్పుడే నెత్తి మీదికెళ్ళి విమానం పోయింది. ఆ సప్పుడు సల్లబడినంక ఇల్లంత చుట్ట వాసన. బాలమల్లు ముక్కు ఎగబీల్చి, "బాపూ, మీ పెండ్లాం చుట్ట తాగేదా?" అన్నడు.

"లేదురా. మా అమ్మ తాగేది."

అని నేను వాని మొఖం చూసిన, వాడు నా మొఖం చూసిండు. ఇద్దరికి ఒక్కపారే సమజైంది. వాడు ఉరికిండు చూడు, ఒక చెప్పు ఇప్పటికి మనింట్లనే ఉన్నది. చేతికర్ర టక్కు టక్కుమనుకుంట నడింట్లకెళ్ళి వంటింట్లకు పోయింది. నా చెవుల దగ్గర, చుట్ట పొగతోని వెచ్చగ, "కొడుకా, తిన్నవా?" అని వినబడ్డది.

మీ నాయినమ్మ మీటింగుకెళ్ళి ఆకలితోని వచ్చింది. అన్నం గిన్నె మూత తీస్తే రాలే. కొంగుతోని పట్టి గుంజింది, రాలే. నేను ఏలు పెడితే పూవు లెక్క లేచొచ్చింది. నేను తిన్నంక ఆమెకు గూడ వచ్చింది. "ఏం చేసినవయ్యా?" అన్నది. ఏం చేయలే అన్న.

నిజం చెప్పాలంటే మస్తు ఖుషి అయిన బిడ్డా. మొదటి రొట్టె నాకే, పెనం మీదికెళ్ళి సీదా నేను తినే తలెలకు. కుర్చీ నాదే. వంటింట్ల నవ్వుడు బందు. ఇగ గెలిచిన అనుకున్న.

కాని దువ్వెనల ఎంటిక లేదు. మీ నాయినమ్మ మిద్దె ఎక్కుతలేదు. తల మీద కొంగేసుకొని తలుపు ఎనక నిలబడ్తది, కొత్తగ కాపురానికొచ్చినప్పుడు నిలబడ్డట్టు. "ఏమే ముసలిదానా, నన్ను చూసి ఇప్పుడు సిగ్గా?" అని గెలికిన. మునుపైతే నా ఏడు తరాలను తిట్టేది. ఇప్పుడు తలుపు ఎనకకెళ్ళి, "మెల్లగ మాట్లాడుండ్రి, అత్తమ్మ ఉన్నది" అన్నది. నన్ను మీరు అన్నది బిడ్డా. ఆమె చెయ్యి పట్టి చూస్తే మణికట్టు మీద అయిదు వేళ్ళ గుర్తులు, నల్లగ. నాకంటె ముందు ముద్ద నోట్ల పెట్టుకోబోయిందట.

రొట్టె వేడిగనే ఉన్నది. సగం తిని పక్కకు పెట్టిన.

ఇట్లు,
గెలిచినా నవ్వు రాని నీ తాత


నా బిడ్డా అనుపమా,

నాయినమ్మ మంచిగున్నది. ముందుగాల గది చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగిలింది చదువు.

మీ నాయిన ఫోన్ల షుగరు పడిపోయింది అని ఒక్క ముక్కల చెప్పి ఉంటడు. అసలు సంగతి గిది. నేను నా దోస్తు ఐలయ్యతోని కల్లు కాంపౌండ్ల ముచ్చట్లు పెట్టిన. ఇంటికాడ మీ నాయినమ్మ పొద్దుగాల షుగరు గోలి ఏసుకొని, పగటాల అన్నం గిన్నె ముంగట పెట్టుకొని కూసున్నది. మూత రాలే. పక్కింట్ల తిందామని లేస్తే గడప కాడ చేతికర్ర అడ్డమొచ్చిందట. నేనొచ్చేసరికి గిన్నె మీద తల వాల్చి పడి ఉన్నది, చేతులు మూత మీదనే ఉన్నయి. మీ నాయిన టాక్సిల ఏసుకొని దవాఖానకు ఉరికిండు.

డాక్టరు అడిగిండు, "గోలి ఏసుకున్నంక ఎందుకు తినలే అమ్మా?"

"ఆయన రాలే" అన్నది.

డాక్టరు నవ్విండు. "ఈ కాలంల గూడ ఇట్లాంటి ఇల్లాలు ఉన్నదా, అదృష్టవంతుడివి పెద్దాయనా" అన్నడు. పక్క మంచమామె గూడ తల ఊపింది. మీ నాయిన గూడ, "అమ్మకు మొదటికెళ్ళి అదే అలవాటు" అన్నడు. ఎవ్వరికి దయ్యం కనబడలే బిడ్డా. నేను రాకుంటె తినొద్దన్నది ఎవరని ఒక్కరు అడగలే. చుట్ట వాసనకు కాదు, కర్ర సప్పుడుకు కాదు, అప్పుడు భయమైంది నాకు.

బాలమల్లుకు ఫోన్ చేసిన. వచ్చి మా అమ్మను పంపియ్యిరా అన్న. "పెండ్లాలను ఎల్లగొట్టే మంత్రాలు మస్తుగున్నయి బాపూ. తల్లిని ఎల్లగొట్టే మంత్రం మా గురువు గూడ నేర్పలే" అని పెట్టేసిండు. చెప్పు గురించి గూడ అడగలే.

ఇగ నేనే పొయ్యి కాడ కూసున్న. మీ నాయినమ్మ దవాఖానకెళ్ళి వచ్చిన దినమే. జొన్నపిండి కలిపిన, రొట్టె తట్టిన. గుండ్రంగ ఎక్కడొస్తది, మన మండలం పటం లెక్క వచ్చింది. పప్పు ఏసిన. మీ నాయినమ్మను తెచ్చి నా కుర్చీల కూసోబెట్టిన. "నేను తిననయ్యా, అత్తమ్మ సంపుతది" అని ఒణుకుతున్నది.

మొదటి తలె రేణుకమ్మకు పెట్టిన. రెండోది ఈమెకు. అప్పుడు మొదలైంది. కర్ర గోడకు కొడుతున్నది, గిలాసలు దొర్లుతున్నయి, కండ్లు మండేటంత పొగ. "ఆడోళ్ళకు వండిపెడ్తవారా? మొగపుటక పుట్టిందే గిందుకా? నా కడుపుల చెడబుట్టినవ్." నా చెంప పగిలింది బిడ్డా, ఉత్తగనే అంటలేను, మీ నాయినమ్మ చూసింది. నా పండ్ల సెట్టు ఊడి పొయ్యి ముంగట పడ్డది.

అది తీసుకొని కడుక్కుంట మూడో రొట్టె పెనం మీద ఏసిన. ఏస్తుంటే నాకు మా సిన్నప్పటిది యాదికొచ్చింది. మా నాయిన తిని లేచేది, మేం తిని లేచేది, మా అమ్మ గిన్నె అడుగు గీకిన సప్పుడు వినుకుంట నేను పండుకునేది. ఆమెకు సుత ఒక అత్త ఉండె.

ఆ రొట్టె పొగలు కక్కుతుంటె కొత్త తలెల పెట్టి, పీట ఏసి, "అమ్మా, నువ్వు గూడ కూసో. నేను ఆఖరికి తింట. వేడి రొట్టె ఎట్లుంటదో ఒక్కపారి చూడు" అన్న.

కర్ర ఆగింది. మీ నాయినమ్మ నా అంగి పట్టుకున్నది. తర్వాత పీట జర కిర్రుమన్నది. రొట్టె ఒక అంచుకెళ్ళి మెల్లమెల్లగ తక్కువైతున్నది, పండ్లు లేనోళ్ళు పప్పుల నానబెట్టుకొని తింటరు సూడు, గట్ల. మొత్తం తిన్నది. కర్ర సప్పుడు వాకిట్లకు పోయింది, గేటు దాటింది, రోడ్డు మీద లారీలల్ల కలిసిపోయింది. గిన్నె మూత దానంతటదే పక్కకు జారింది.

అప్పుడు రేణుకమ్మ తలె దిక్కు చూసిన. పంటిగాట్లు, సన్నగ, వరుసగ. వచ్చింది అనుకునేలోపల నా చెవికి వినబడ్డది. కాపురం చేసినన్ని దినాలు తలుపు ఎనక నిలబడి నాతోని ఒక్క మాట సక్కగ మాట్లాడని మనిషి, నాతోనే, నాకే చెప్పింది.

"పప్పుల ఉప్పు తక్కువైంది."

నేను కిసుక్కున నవ్విన. మీ నాయినమ్మ గూడ విన్నది. మూతి ముప్పై వంకరలు తిప్పి, "గిన్ని దినాలకెళ్ళి వండుతున్న, అక్క నాకెన్నడు ఉప్పు ముచ్చట చెప్పలే" అన్నది. ఇగ చూడు, ఇప్పుడు కుళ్ళుకునే వంతు ఆమెది.

ఒక్కటే నాకింకా మండుతున్నది. ఆమెను రేణుకమ్మ అంటే పలుకదు, ఈదమ్మ అంటే మా అమ్మ మళ్ళ వస్తది. మరి నువ్వు ఏమని పిలుస్తవే అని మీ నాయినమ్మను అడిగిన. ఆమె పుట్టిల్లు రావిర్యాలల వాళ్ళమ్మ సిన్నప్పుడు పిలిచిన ముద్దుపేరు ఒకటున్నదట. ఏందది అంటే, "నేనడిగిన, నాకు చెప్పింది. నీకు గావాల్నంటే నువ్వే అడుగు" అన్నది. రోజు పప్పు తీస్కపోయి కుర్చీ ముంగట పెట్టి అడుగుతున్న. ఇంకా చెప్తలేదు. ఉప్పు సరిపోయిన దినం చెప్తదేమో.

ఇగ నీ పేరు ముచ్చట. మొదటి ఉత్తరంల నేను రాసింది కొట్టెయ్యి. నాలుగక్షరాలే కద అన్న, అవే లేకుంటే రేపు నిన్ను ఎవరన్న పిలిస్తే ఎవరొస్తరో తెల్వదు. ఆ తుక్కుగూడ పంతులుకు, నీ కాబోయే అత్తకు చెప్పు, మా తాతతోని మాట్లాడున్రి అని. పేరు కలుస్తలేదంటే పిలగాని పేరే మారుస్త, అరుణ్‌కుమార్ తీసేసి మల్లేశ్వర్ అని పెడ్త, వానికి ఎట్లుంటదో చూద్దాం. పిలగాడు నవ్వితే చేసుకో. కోపమొస్తే ఇంకోణ్ణి చూద్దాం.

వచ్చేటప్పుడు హన్మకొండ నుంచి ఒక మంచి దువ్వెన పట్టుకరా. నల్లెంటికలకు. మీ నాయినమ్మకు సుత ఒకటి తే, లేకుంటే అలుగుతది.

ఇట్లు,
ఆఖరి బంతిల తింటున్న నీ తాత
సోమయ్య