తామరతీగ అచ్చు కింద పేరు

బందరు,
16 ఫిబ్రవరి 2003

మా దివ్యశ్రీకి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఈ మాట ముందు రాయకపోతే నువ్వు కంగారుపడతావని రాశాను. మిగతా ఉత్తరం ఇంత మెత్తగా ఉండదు.

మొన్న బుధవారం నేను విశాఖ వచ్చాను. నీకు చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. కృత్తివెన్నులో గుడి తలుపుల పని రెండు రోజులుందని చెప్పి బయల్దేరి, గుడివాడలో రైలెక్కాను. నాలుగో సంవత్సరం వాళ్ల పనులన్నీ యూనివర్సిటీలో ప్రదర్శనకి పెడుతున్నారని నువ్వే రాశావు. ఎవరో ఒకరు "ఈయన దివ్య వాళ్ల నాన్నగారు" అని కుర్చీ వేయకముందే, వచ్చేపోయే జనంలో ఒకడిగా నిలబడి చూసుకోవాలనిపించింది. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు, నీకు తెలుసు.

మొదటి గదిలో నీ పెన్సిలు బొమ్మలు చూశాను. గిలకలదిండి రేవులో బురదలో ఒరిగిన పడవ దగ్గర చాలాసేపు ఆగాను. రెండో గదిలో రాగిరేకు మీద గీసి కాగితం మీదికి తీసిన బొమ్మలు. ఆ పక్కన రంగులు. ఒక్క మనిషి నాలుగేళ్లలో పెన్సిలూ, రంగూ, రాగిరేకూ ఇన్నింటినీ పట్టుకోగలదని నేననుకోలేదు. నాకు తెలిసింది టేకు చెక్క ఒక్కటే. అదైనా ఎవరూ నేర్పలేదు, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. నాకు గర్వంగానే ఉంది. ఆ గర్వంతోనే మూడో గదిలోకి వచ్చాను.

అక్కడ గోడకి నా అద్దకం అచ్చులు ఉన్నాయి. కిందటి దసరాకి నువ్వడిగితే అటక మీంచి దించి, నూనె పట్టించి, పాత పంచెలో చుట్టి ఇచ్చిన తామరతీగ అచ్చులు నాలుగూ. బయటి గీతల అచ్చు ఒకటి, రంగు నింపే అచ్చులు మూడు. వాటి చుట్టూ, అదే తామరని మట్టిలో ఒత్తి కాల్చిన పలకలు, తెల్లటి ప్లాస్టరులో పోసిన పలకలు, గోడంతా. గీతల సందుల్లో మట్టి ఎండిపోయి ఉంది. ఇరవై ఏళ్లు నూనె తాగిన టేకుని తడిమట్టిలో పెట్టావు. సరే, అది కూడా మింగాను. కింద అట్టముక్క మీద నీ చేతిరాతతో ఉంది: "తామరతీగ. టేకు అచ్చులు, మట్టి, ప్లాస్టరు. అచ్చులు చెక్కినవారు: తెలియదు."

తెలియదు!

నా పక్కన ఇద్దరు ఆడపిల్లలు నిలబడి చూస్తున్నారు. ఎక్కడ దొరికాయంటావే ఇవి అని ఒకమ్మాయి అడిగితే, బందరు వైపు పాత సామాన్ల కొట్లో అయ్యుంటాయిలే అంది రెండోది. నేను వాళ్లకి తప్పుకుని దారిచ్చాను.

పెడనలో ఏ అద్దకం కార్ఖానాలోనైనా అడుగు, సన్నగీత పెద్దిరాజు ఎవరో. ఆ పేరు నాకు ఈ అచ్చులే తెచ్చాయి. కార్ఖానాలో పద్ధతి ప్రకారం అచ్చు మీద చెక్కినవాడి పేరు ఉండదు. బట్ట మీదా ఉండదు. నేనెప్పుడూ బాధపడలేదు. కానీ ముప్పై ఏళ్లలో మొదటిసారి నా అచ్చు కింద ఒక చీటీ పెట్టినప్పుడు, పెట్టింది నా కూతురైనప్పుడు, దాని మీద తెలియదని రాసి ఉంటే నేనేమనుకోవాలి? మీకు చదువు చెప్పే సరోజిని మేడం ముందు అచ్చులు చెక్కేవాడి కూతురినని చెప్పుకోవడానికి సిగ్గేసిందా? సిగ్గేస్తే అచ్చులెందుకు అడిగావు?

నిన్ను కలవకుండా వచ్చేశాను. కలిస్తే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. ఏప్రిల్లో బయటి పరీక్షకులు వచ్చే రోజుకి మా ఇద్దరినీ రమ్మన్నావు. నేను రాను. ఈలోగా ఆ నాలుగు అచ్చులూ పార్సిలు చెయ్యి. నావి నాకు కావాలి.

అవి చెక్కినవాడు,
పెద్దిరాజు


బందరు,
9 మార్చి 2003

దివ్యా, తల్లీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. క్షమించమని రాస్తావనుకున్నాను. నువ్వు నాకు పాఠం రాశావు.

నవంబరులో నువ్వు ఒక ప్రశ్న అడిగావనీ, నేను జవాబు రాయలేదనీ గుర్తుచేశావు. ఆ ఉత్తరం అందింది. అందలేదని అబద్ధమాడను. అలాంటి ప్రశ్నకి జవాబు రాయాల్సిన పనిలేదనే రాయలేదు.

"నాన్నా, బట్ట మీద అచ్చు పైభాగమే పడుతుంది. మట్టిలో లోపలంతా పడుతుంది" అని రాశావు. ఈ ముక్క నాకు చెబుతున్నావా? మట్టిలో ఒత్తితే ఉలి ఏ పక్కనుంచి దిగిందో కనబడిందట. రంగు నింపే మూడు అచ్చుల్లోనూ కుడి నుంచి దిగిందట, బయటి గీతల అచ్చు ఒక్కదాన్లోనే ఎడమ నుంచి దిగిందట. రెండు పలకలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి మరీ పంపావు. ఇది ఎవరి చెయ్యి అని నవంబరులో అడిగిందే మళ్లీ అడిగావు. దొంగతనం కేసులో వేలిముద్రలు చూపించినట్టుంది నాకు.

మన అద్దకంలో ముప్పై ఏళ్లుగా కార్ఖానాదారు చూశాడు, అద్దేవాడు చూశాడు, కొనేవాడు చూశాడు. అందరూ గీత ఎలా పడిందని చూశారు. సందులోకి తొంగిచూసినవాడు ఒక్కడూ లేడు. నిన్ను చదివించింది ఇందుకా?

సరోజిని మేడం ఒప్పుకోవడం లేదని రాశావు. ఎవరి చేతిపనో చెప్పలేని వస్తువుని నీ పనిలో పెట్టుకోవడానికి వీల్లేదని, ఏప్రిల్ పన్నెండులోగా పేరైనా రాయాలి, లేదా గోడ ఖాళీ చెయ్యాలి అన్నారని. గోడ ఖాళీ అయితే ఏడాది పని పోయినట్టే, డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుందని. ఇదంతా నా మెడకి చుట్టి, చివర ఇలా రాశావు: "నీ పేరు రాస్తే అబద్ధమవుతుంది. ఇంకో పేరు రాస్తే నిన్ను బజార్లో నిలబెట్టినట్టవుతుంది. అందుకే తెలియదని రాశాను. నువ్వు చెబితే రాస్తాను నాన్నా."

చెబుతున్నాను, రాసుకో. ఆ రోజుల్లో నా కుడి బొటనవేలు ఉలి తగిలి చీలింది. ఎడమచేత్తో చెక్కాను. చాలా? మీ మేడం గారికి ఇంకేమైనా సాక్ష్యం కావాలంటే వేలి మీద మచ్చ ఉంది, వచ్చి చూసుకోమను.

చీటీ మార్చి నా పేరు రాయి. లేదంటే అచ్చులు పంపేసెయ్. ఇంకొక మాట. ఈ గొడవంతా మీ అమ్మకి రాయొద్దు, ఫోన్లోనూ చెప్పొద్దు. ఆవిడకి వీటితో పనిలేదు.

నీ నాన్న,
పెద్దిరాజు


బందరు,
27 మార్చి 2003

అమ్మా దివ్యా,

ఎడమచేత్తో నేను అన్నం కూడా కలపలేను. కిందటి ఉత్తరంలో రాసింది అబద్ధం. వేలు చీలిన మాట వరకే నిజం.

ఇరవై మూడేళ్ల క్రితం మాట. శోభనాద్రి గారి కార్ఖానాకి తామరతీగ దుప్పట్ల పని వచ్చింది. బయటి గీతల అచ్చు మొదలుపెట్టిన రెండో రోజే వేలు చీలింది. పని పోతుందని చెక్క ఇంటికి తెచ్చుకుని, కట్టు కట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మకి అప్పటికి పద్దెనిమిదేళ్లు. పెళ్లికి ముందు గిలకలదిండిలో వాళ్ల నాన్నతో కూర్చుని వలలు అల్లిన చెయ్యి. పెళ్లయిన ఏడాదినుంచీ నేను చెక్కుతుంటే పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. ఉలి ఒకసారి పట్టుకుని చూస్తానంది. సరదాకి ఇచ్చాను. పదకొండు రోజుల్లో అచ్చు పూర్తిచేసింది. వెంట్రుక మందాన గీతలు, ఎక్కడా తెగకుండా. నేను జన్మలో అలా చెక్కలేదు. రంగు నింపే మూడు అచ్చులూ వేలు మానాక నేను చేసుకున్నాను.

నేను రోజూ చేసిన పని పుస్తకంలో రాసుకుంటాను కదా. మొన్న ఆ ఏటి పుస్తకం తీసి చూశాను. ఆ పదకొండు రోజులకీ "తామరతీగ పని జరిగింది" అని ఉంది. ఎవరు చేశారో లేదు.

శోభనాద్రి గారు అచ్చు వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమయ్యా పెద్దిరాజూ, వేలు తెగాక చెయ్యి తిరిగిందే" అన్నారు. పక్కన పదిమంది ఉన్నారు. చెబుదామని నోరు తెరిచాను. "మీ దయండీ" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి నేను సన్నగీత పెద్దిరాజుని.

ఆ తరువాత రెండేళ్లు బయటి గీతలు మీ అమ్మ చెక్కేది, నేను అన్నం సంచిలో పెట్టుకుని కార్ఖానాకి తీసుకెళ్లేవాణ్ణి. నువ్వు మూడు నెలల పిల్లప్పుడు శోభనాద్రి గారు నిన్ను చూడటానికి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చారు. గుమ్మంలో ఆయన మాట వినగానే నేను సైగ చేశాను. మీ అమ్మ ఒళ్లో ఉన్న చెక్కని నీ ఉయ్యాల గుడ్డ కిందకి తోసింది. ఆయన వెళ్లాక, చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఉలులు మంచిది కాదు, ఇక ఆపెయ్యమన్నాను. నీకోసం అన్నట్టు చెప్పాను. మీ అమ్మ ఉలులు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఆ తరువాత నా గీతలు లావెక్కాయి. చూపు తగ్గిందిలే అని జనం సర్దుకున్నారు. తామరతీగ తప్ప నీకు తెలిసిన నా అచ్చులన్నీ ఆ తరువాతవే.

ఇదంతా నేను ధైర్యం చేసి చెబుతున్నాననుకోకు. ఆదివారం పొద్దున నా పని పుస్తకాలు సర్దుతూ మీ అమ్మ, నేను వాటిలో దాచిన నీ ఉత్తరం చూసింది. మెల్లగా కూడబలుక్కుని మొత్తం చదివింది. నేను బజారునుంచి చేపలు తెచ్చేసరికి గడపలో కూర్చుని ఉంది. నువ్వు పంపిన ఫొటో చేతిలో ఉంది. కృత్తివెన్ను గుడి తలుపులు బాగా కుదిరాయా అని అడిగింది. నేను చేపల సంచి కింద పెట్టాను.

ఇరవై మూడేళ్లు ఎదురుచూసిన మాట బయటపడినందుకు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మీ అమ్మకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే సగం నిన్నన్నవే.

"మీరు చెప్పలేదు. సరే, మీ సంగతి నాకెప్పుడో తెలుసు. మరి ఇదీ? నాలుగేళ్లు చదివింది. చెక్కని మట్టిలో పెట్టి ఎడమచెయ్యని కనిపెట్టింది. ఈ ఇంట్లో ఎడమచేత్తో చేపలు కోసేది ఎవరో దానికి తెలీదా? తెలిసీ మిమ్మల్నడిగింది. నాన్న పరువంట. నేను చచ్చిపోలేదు కదండీ. ఇక్కడే ఉన్నాను కదా. నన్నడగడానికి మీ ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదా?"

నువ్వు నన్ను కాపాడాలని తెలియదని రాశావు. నేను నన్ను కాపాడుకోవాలని నా పేరు రాయమన్నాను. రెండు చోట్లా మీ అమ్మే లేదు. నీ చీటీ చూసి నాకు ఒళ్లు మండింది కదా, ఆ గదిలో పావుగంట నిలబడ్డందుకే. అలాంటి గదిలో ఆవిడ ఇన్నేళ్లు నిలబడి ఉంది.

ఆ సాయంత్రం మీ అమ్మతో, చీటీ మీద ఆవిడ పేరు రాయమని నీకు చెబుతానన్నాను. గొప్ప త్యాగం చేస్తున్నట్టు చెప్పుంటాను, గొంతు అలాగే వచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తామర మూడో రేకు మలుపులో ఉలి జారిందట. రంగు నింపే అచ్చు పైన పడితే కనబడదులే అని అప్పుడు నేనే సర్దిచెప్పానట. నాకు గుర్తే లేదు. "అది కొత్తలో చేసింది. దాని కింద నా పేరు పెడితే ఒప్పుకోను" అంది.

మర్నాడు నేను పెడన వెళ్లి శోభనాద్రి గారికి చెప్పాను. ఆయన నమ్మడానికి కాస్త సమయం పట్టింది. ఇంత వయసొచ్చాక ఇప్పుడెందుకయ్యా అన్నారు. తరువాత, ఆవిడ ఇంకా చెక్కుతుందా అని అడిగారు. నేను చెక్కుతుందనీ అనలేదు, చెక్కదనీ అనలేదు. అది నేను చెప్పాల్సిన జవాబు కాదని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ నా చెక్కల్లోంచి మంచి టేకు ముక్క ఒకటి ఏరి పక్కన పెట్టుకుంది. కళ్లజోడు పెట్టుకుని నాలుగు రోజులుగా కూర్చుంటోంది. ఏం చెక్కుతోందో నాకు చెప్పలేదు, నేనడగలేదు. మొదటి ముక్క పాడైంది. నా వైపు చూడకుండా పొయ్యిలో పెట్టి ఇంకో ముక్క తీసుకుంది. కోపం ఇంకా తగ్గలేదు. ఉలి చప్పుడులో తెలుస్తోంది.

అచ్చులు వెనక్కి పంపొద్దు. రంగు నింపే అచ్చులు మూడూ నావి. వాటి కింద నా పేరు ఉండాలో వద్దో నీ ఇష్టం. నాలుగో అచ్చు గురించి నన్నడక్కు. ఏం రాయాలో, అసలు రాయాలో వద్దో, పన్నెండో తారీకుకి ఆ గోడ మీద ఏ తామర ఉండాలో, నేను చెప్పను, నువ్వూ నీకు నువ్వుగా రాయకు.

ఏప్రిల్ ఐదు, శనివారం పొద్దున పదింటికి పక్కింటి దయామణి గారి ఫోనుకి చెయ్యి. మీ అమ్మని పిలిపిస్తారు. నువ్వే అడుగు. నేను ఆ సమయానికి ఇంట్లో ఉండను.

మీ నాన్న