ముందు మీరు పదండి!

సురబాయా, సోమవారం

సోలోలో ఉంటున్న ఇబు వుర్యాని అమ్మగారికి, జాలు నమస్కారాలు.

మన ఆన్‌లైన్ రేసుల క్లబ్బులో ఎర్ర కారు నాది. గత రెండు రేసుల్లోనూ మిమ్మల్ని వెనక నుంచి గుద్దింది నేనే. కానీ తప్పు నాదా చెప్పండి? నేను మీకన్నా ఓ రౌండు ముందుండి, మిమ్మల్ని దాటబోతుంటే మీరు మలుపు మధ్యలో కారు ఆపేశారు! ఇంకొక్క గుద్దు గుద్దితే నన్ను క్లబ్బులోంచి తీసేస్తారు. శనివారమే ఆఖరి రేసు. గెలిచినవాళ్ళకే జకార్తా పోటీలో చోటు. నా ప్రాణమంతా దాని మీదే ఉంది. దయచేసి ఆపకండి.

మీ కాళ్ళు పట్టుకుంటూ,
జాలు

తా.క. అసలెందుకు ఆగారండీ? వెంటనే మెయిల్ చెయ్యండి. నాకు నిద్ర పట్టడం లేదు.

సోలో, మంగళవారం

చిరంజీవి జాలుకి ఆశీస్సులు.

వెనక ఎవరైనా తొందరలో ఉంటే ఆగి, "మోంగ్గో, ముందు మీరు పదండి" అనడం మా సోలో పద్ధతి. నీకొక్కడికే కాదు, వచ్చిన ప్రతివాడికీ ఆగుతాను. ఒక్కడూ థాంక్స్ చెప్పడు! సరే, ఈసారి నిన్ను చూడగానే గడ్డిలోకి దిగిపోతాలే.

నీ మేలు కోరే,
వుర్యాని

తా.క. మోంగ్గో అంటూ తల కూడా వంచాను. బ్రేకు గట్టిగా పడింది అందుకే.

సురబాయా, బుధవారం

అమ్మా!

గడ్డీ వద్దు, తల వంచడమూ వద్దు! మీరు ఎటు తప్పుకుంటారో తెలియకే కదా గుద్దుతున్నాను! దాటే బాధ్యత వెనకవాడిది. ముందున్నవాళ్ళు తమ దారిన తాము పోవాలి. నేనే కాదు, ఎవడొచ్చినా సరే, వెనక ఎవరూ లేరనుకోండి. చేతకాదంటారా, శనివారం ఇంట్లో హాయిగా పడుకోండి!

విసిగిపోయిన
జాలు

తా.క. ఆఖరి మాట కొట్టేద్దామనుకున్నాను. మనసొప్పలేదు.

సోలో, గురువారం

జాలుకి,

మా ఆయన కూడా నన్నెప్పుడూ ఇంట్లో పడుండమనలేదు. చాలా బాధేసింది. అయినా వస్తాను. నువ్వన్నట్టే ఎవరికీ దారివ్వను.

వుర్యాని

తా.క. అలవాటు కొద్దీ ఆగుతానేమోనని, తెర మీద వెనక కార్లు కనిపించే అద్దానికి బాతిక్ గుడ్డ అంటించేశాను.

సురబాయా, శనివారం

ఇబు వుర్యాని గారూ,

ఆ గుడ్డ సంగతి చదివిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగలేదు! గాభరా తట్టుకోలేక, ఎవరెన్నో స్థానంలో ఉన్నారో చూపించే పట్టీ ముందే మూసేశాను. ఆఖరి రౌండ్లలో ఎదురుగా మీ కారు! సందు దొరికింది, దూరలేదు. మళ్ళీ దొరికింది, దూరలేదు. మీరెలాగూ ఓ రౌండు వెనకున్నారు, దాటకపోతే పోయేదేముందని పంటి బిగువున మీ వెనకాలే వచ్చాను. గెలిచేశానమ్మా! మొన్నటి మాటకి క్షమించండి.

మీ జాలు

తా.క. ఫలితాలింకా చూడలేదు. తొలి కబురు మీకే.

సోలో, శనివారం సాయంత్రం

నాయనా జాలూ,

ముందు కాస్త అన్నం తిను, తర్వాత చదువు.

నేను రౌండు వెనక లేను. అందరికంటే ముందున్నాను. ఇన్నాళ్ళూ అందరికీ ఆగి ఆగి చివర్న వచ్చేదాన్ని గానీ, నడపడం రాక కాదు. నువ్వు చెప్పావని ఈసారి ఎవరికీ ఆగలేదు. గెలిచింది నేను, నువ్వు రెండోవాడివి. నీ ముఖం తలుచుకుంటే నాకే ఏడుపొచ్చింది.

వుర్యాని

తా.క. జకార్తాలో ఒకే కారుని ఇద్దరు మార్చి మార్చి నడపాలట. తోడు ఎవరు కావాలని అడిగారు. సందు దొరికినా దూరకుండా ఓపిగ్గా వచ్చినవాడు ఒకడున్నాడని నీ పేరు చెప్పాను. నీ రైలు సోలో మీదుగానే కదా వచ్చేది! కిటికీ పక్క సీటు నాకు వదిలెయ్. నేను మోంగ్గో అనడం మానేశాను.