వంతెన అవతలే ఆగిపోతున్న కాగితాలు

ఆరోగ్య కేంద్రాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
వంతెన ఇవతలి ఆరోగ్య కేంద్రంలో చీటీలు రాసే గుమాస్తా రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: రెండు ఆరోగ్య కేంద్రాలను ఒకటిగా కలిపే మార్పుల సమాచారం మా కేంద్రం సిబ్బందికి అందకపోవడం, అదే సమాచారం అవతలి కేంద్రంలో మందులిచ్చే ఆమెకు ముందుగా అందడం, అందువల్ల పద్నాలుగు మంది పసిపిల్లలు టీకా లేకుండా తిరిగి వెళ్లడం, అందులో నా వంతు తప్పు – గురించి.

నేను ఈ కేంద్రంలో ఇరవై ఆరేళ్ల ఐదు నెలలుగా పనిచేస్తున్నాను. కిటికీ దగ్గర కూర్చుని చీటీ రాయడం, కార్డు తీసి ఇవ్వడం, వచ్చిన తపాలాను రిజిస్టరులో ఎక్కించడం నా పనులు. ఇన్నేళ్లలో ఒక్క కార్డు పోలేదు. రెండు తడిశాయి. అది కప్పు కారినందువల్ల జరిగింది, ఆనాడే రాతపూర్వకంగా తెలియజేశాను. కప్పు ఇంకా కారుతోంది. అది ఈ అర్జీ విషయం కాదు గనుక వదిలేస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. అవతలి కేంద్రంలో మందులిచ్చే ఆమె నాకు వియ్యపురాలు. ఆమె కూతురు నా కోడలు. మా ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు. ఈ సంగతి తమకు ఇంకెవరి నోటనో తెలిసి, ఇది ఇంటి గొడవ అని తమరు అర్జీని పక్కన పెట్టకుండా నేనే రాస్తున్నాను. ఇందులో ఇంటి గొడవ లేదని అనను. ఉన్నచోట ఉన్నదని రాస్తాను.

1. రెండు కేంద్రాలూ ఒకటవుతాయని తమ కార్యాలయం పత్రికలో ప్రకటించి నేటికి నాలుగు నెలల మూడు రోజులు. ఈ కాలంలో మా తపాలా రిజిస్టరులో ఎక్కినవి రెండే కాగితాలు. ఒకటి, కిటికీ అద్దాలు నెలకొకసారి తుడవాలని. రెండోది, ఆరేళ్ల కిందట రిటైరైన వాచ్‌మన్‌కు నాలుగు రోజుల సెలవు మంజూరు చేస్తూ. ఇదే కాలంలో అవతలి కేంద్రానికి పదకొండు సర్క్యులర్లు వెళ్లాయి. ప్రతిదాని అడుగునా ‘ఇవతలి కేంద్రం సిబ్బందికి తెలియజేయవలెను’ అని ఉందట. ఎవరు తెలియజేయాలో లేదు. అక్కడి డాక్టరుగారు దీర్ఘకాల సెలవులో ఉన్నందువల్ల తపాలా తీసుకుని సంతకం పెట్టేది మా వియ్యపురాలు. తెలియజేస్తున్నది కూడా ఆమే. మా ఇంట్లో, సోఫాలో కూర్చుని.

2. రెండు కేంద్రాలకూ ఇకమీదట ఒకే చీటీల కిటికీ ఉంటుందన్న సంగతి నాకు ఐదేళ్లు నిండని పిల్ల చెప్పింది. బడికి పంపడానికి జడ వేస్తున్నాను.

“నానమ్మా, నీ కిటికీ తీసేస్తారంట కదా?”

“ఎవరు చెప్పారే?”

“అమ్మమ్మ. తీసేసి ఎక్కడ పెడతారు? మనింటికి తెచ్చేసుకుందామా?”

“కదలకు. పాయ చెదిరిపోతోంది.”

పాయ చెదరలేదు. అయినా ఆ జడ మూడుసార్లు విప్పి అల్లాను. బడికి పిల్ల ఆలస్యంగా వెళ్లింది. టీచరుకు క్షమాపణ చీటీ నేనే రాశాను.

3. గత నెల నాలుగో తేదీ శుక్రవారం తమరు రెండు కేంద్రాలనూ చూడటానికి వచ్చారు. మా దగ్గర తొమ్మిది నిమిషాలు ఉన్నారు. నా కిటికీ ముందు నిలబడి, నా వైపే చూస్తూ, “ఇక్కడెవరైనా ఉన్నారా?” అని అడిగారు. “నేనున్నానండీ” అన్నాను. “సరే, సరే” అని వెళ్లిపోయారు. అవతల గంటా ఇరవై నిమిషాలు ఉన్నారట. మందుల అలమరాలు ఏ గోడకు పెడితే బాగుంటుందని మా వియ్యపురాలిని సలహా అడిగారట. ఆమె చూపించిన గోడకే పెట్టించారట. ఈ కథ నేను నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లూ గోడ అదే గాని, తమరి మెచ్చుకోలు మాత్రం విన్నప్పుడల్లా పెరిగింది.

ఆమెకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కూడా వచ్చింది. మా కేంద్రంలో ఎవరికీ రాలేదు. ఆమె దాన్ని మెడలో వేసుకునే మా ఇంటికి భోజనానికి వస్తుంది. కూర పడకుండా తినేటప్పుడు వీపు మీదకు తిప్పుకుంటుంది. ఫొటోలో బాగానే పడింది. ఇది ఫిర్యాదు కాదు, వాస్తవం రాస్తున్నాను.

4. కార్డులను కంప్యూటరులోకి ఎక్కించే శిక్షణకు ఆమెను పిలిచారు. కార్డులు ఉన్నది నా దగ్గర. ఆరు వేల మూడు వందల పద్దెనిమిది.

5. ఏమీ తెలియని చోట సిబ్బంది ఎలా పనిచేస్తున్నారో తమరు ఊహించాలి. ఊడ్చే ఆమె రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని, ‘ఇవాళ కూడా ఊడవమంటారా?’ అని నన్ను అడుగుతోంది. మా నర్సమ్మ చిన్నపిల్ల, ఇంకా పెళ్లి కుదరలేదు. బదిలీ ఉంటుందో లేదో తెలియక అద్దెగది ఖాళీ చేయాలో వద్దో తేల్చుకోలేకపోతోంది.

“పెద్దమ్మా, మన ఉద్యోగాలు ఉన్నట్టా, లేనట్టా?”

“కాగితం రాలేదు.”

“మీ వియ్యపురాలుగారిని ఒక్కమాట అడగొచ్చు కదా! ఆవిడకి అన్నీ తెలుస్తాయట.”

“నేనడగను.”

“పోనీ నేను అడుగుతాను.”

“అడిగితే ఆ మాట నా దగ్గరకు తీసుకురాకు. ఈ గదిలో రిజిస్టరులో ఎక్కిన మాటే మాట.”

ఆ పిల్ల నా మీది గౌరవం కొద్దీ అడగడం మానేసింది. ఆమె అడిగి ఉంటే, కింద రాసినది జరిగేది కాదు.

6. గత నెల పదహారో తేదీ బుధవారం. మా కేంద్రంలో టీకాల రోజు ఎప్పుడూ బుధవారమే. నేను తొమ్మిదింటికి కిటికీ తెరిచి చీటీలు ఇచ్చాను. పద్నాలుగు మంది తల్లులు, పద్నాలుగు మంది పిల్లలు. పదకొండు దాటినా టీకాల పెట్టె రాలేదు. బల్లలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. పన్నెండుకు నర్సమ్మ తమ కార్యాలయానికి తన సొంత ఫోను నుంచి చేసి కనుక్కుంటే, టీకాలు ఇకమీదట సోమవారాలు, అది కూడా అవతలి కేంద్రంలోనే అని, సర్క్యులరు ఎప్పుడో పంపామని చెప్పారు.

నేను లేచి నిలబడి తల్లులకు చెప్పాను. “కార్యాలయం నుంచి మాకు కాగితం రాలేదు” అన్నాను. దర్జీ భార్య కొట్టు మూసుకుని, నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. ఆమె కోప్పడలేదు.

“మీకే తెలీకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా! మీరు బుధవారం అంటే బుధవారమేనని వచ్చాం. మీరేం చేస్తారు, పాపం” అని నన్నే ఓదార్చి వెళ్లింది.

7. పై ఆరింటిలోనూ తప్పు తమ కార్యాలయానిదని రాసి ఇక్కడితో ముగించవచ్చు. మొదటి చిత్తుప్రతిలో అలాగే ముగించాను. శుభ్రప్రతి రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు.

టీకాల రోజు మారిందని నాకు ముందే తెలుసు.

పదమూడో తేదీ ఆదివారం మనవరాలి పుట్టినరోజు. అందరం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. వియ్యపురాలు వడ్డిస్తూ అంది:

“వదినా, మీకింక బుధవారం హడావిడి తప్పిందండీ. సూదులు సోమవారానికి మార్చారు. మా దగ్గరే. శుక్రవారం కాగితం వచ్చింది.”

మా అబ్బాయి తలెత్తి, “అదేంటమ్మా, నీకు తెలీదా?” అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. “తెలుసు” అన్నాను. ఇంకొంచెం వడ్డించుకున్నాను. ఆకలి లేదు.

మంగళవారం సాయంత్రం ఆమె మళ్లీ ఫోను చేసింది.

“వదినా, రేపు పెట్టె మీ దగ్గరికి రాదు. పిల్లల తల్లులకి చెప్పారా?”

“ఆఫీసు మాటలు ఇంటి ఫోనులో వద్దు వదినా.”

“మరి ఏ ఫోనులో చెప్పమంటారండీ? మీ ఆఫీసు ఫోను నంబరు మార్చేశారు కదా. మీకు తెలీదా ఏమిటి?”

“తెలుసు” అని పెట్టేశాను. అదీ తెలియదు. ఆరు రోజులుగా మా ఫోను మోగకపోతే, జనానికి ఆరోగ్యాలు బాగున్నాయనుకున్నాను.

ఆ రాత్రికో, మర్నాడు పొద్దున్నో ఊడ్చే ఆమెను పంపితే పద్నాలుగు ఇళ్లకూ కబురు అందేది. చిరునామాలన్నీ నా కార్డుల్లోనే ఉన్నాయి. పంపలేదు. కాగితం రానిదే నేనేమీ చేయకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిబంధన, నిజమే. కాని కారణం అది కాదు. రోజు మారిందని తల్లులకు చెబితే, మీకెలా తెలిసిందని అడుగుతారు. మా వియ్యపురాలు చెప్పిందని అనాలి. ఇరవై ఆరేళ్లుగా నేను కూర్చున్న కిటికీలోంచి ఆమె మాట పలకడం నాకు చేతకాలేదు. పెట్టె పొరపాటున మా దగ్గరకే వస్తుందని, ఆమె చెప్పింది తప్పని తేలుతుందని, బుధవారం పన్నెండు దాకా ఎదురుచూశాను. మెట్ల మీద కూర్చున్న వాళ్లను చూస్తూనే ఎదురుచూశాను.

తరువాత నేను చేసినది: ఇరవై ఒకటో తేదీ సోమవారం సెలవు పెట్టి, తల్లులను వెంటబెట్టుకుని వంతెన దాటాను. తొమ్మిది మంది పిల్లలకు టీకా పడింది. మా వియ్యపురాలు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క బిడ్డ వివరాలూ రాసుకుంది. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు సులువుగా ఉండేది. మిగిలిన ఐదుగురి ఇళ్లకు సాయంత్రాలు వెళ్లాను. ఇరవై ఎనిమిదో తేదీన నలుగురికి పడింది. ఒక బిడ్డ మిగిలింది. కార్డు నంబరు 5902, తొమ్మిది నెలల ఆడపిల్ల, తండ్రిది తాపీపని. పని వెతుక్కుంటూ పంతొమ్మిదో తేదీన ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. ఎక్కడికో పక్కింటివాళ్లకు తెలియదు.

కావున తమను కోరుకునేది:

(అ) 5902 నంబరు బిడ్డ వివరాలు ఈ అర్జీకి జతపరిచాను. అన్ని కేంద్రాలకూ పంపించి, ఆ కుటుంబం ఎక్కడ కనబడితే అక్కడ టీకా వేయించవలెను. మిగతావి ఎప్పుడు చూసినా ఫరవాలేదు. ఇది ఈ రోజే చూడవలెను.

(ఆ) మార్పులకు సంబంధించిన ప్రతి కాగితం రెండు కేంద్రాలకూ ఒకే రోజున, విడివిడిగా పంపించవలెను. అందినట్టు రెండు చోట్లా సంతకం తీసుకోవలెను. ఏమీ నిర్ణయం కానప్పుడు, ఇంకా ఏమీ నిర్ణయం కాలేదని కూడా ఒక కాగితం పంపవచ్చు. మా నర్సమ్మకు అది చాలు.

(ఇ) ఒకే కిటికీ ఉంచదలిస్తే, అందులో ఎవరు కూర్చుంటారన్నది నాకూ ఆమెకూ ఒకే గంటలో తెలియజేయవలెను. ఆమెనే కూర్చోబెట్టినా, కార్డులన్నీ లెక్కపెట్టి అప్పగించి వస్తాను. ఆ సంగతి మాత్రం ఆమె నోట, మా ఇంట్లో, మా అబ్బాయి ముందు వినలేను.

(ఈ) ఏడో అంశంలో రాసిన నా తప్పుకు తగిన చర్య తీసుకోవలెను. మందలింపు అయితే రాతపూర్వకంగా పంపవలెను. మా రిజిస్టరులో మూడో కాగితంగా ఎక్కిస్తాను.

ఇందులో ఒక్క అక్షరమూ పెంచి రాయలేదు. తగ్గించి రాసినవి రెండున్నాయి. పిలిపించి అడిగితే చెప్పుకుంటాను. పిలుపు మాత్రం నేరుగా నాకే పంపించి, నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చీటీల గుమాస్తా,
వంతెన ఇవతలి ఆరోగ్య కేంద్రం.
ఈ నెల రెండో తేదీ, శుక్రవారం.

మరొక మనవి: దీన్ని మడిచి కవరులో పెడుతుండగా వియ్యపురాలు ఫోను చేసింది.

“వదినా, వచ్చే సోమవారం సూదులు పొద్దున్న కాదటండీ, మధ్యాహ్నం రెండింటికట. కాగితం ఇప్పుడే వచ్చింది. మళ్లీ ఫోను పెట్టేస్తారా?”

“పెట్టను. కాగితం నంబరూ తేదీ కూడా చదవండి.”

చదివింది. రాసుకున్నాను. తమ కార్యాలయం నుంచి ఇది రాసే సమయానికి మాకేమీ రాలేదు. మెట్ల దగ్గర పలక పెట్టించి, దాని మీద సుద్దతో ఇలా రాశాను: ‘సోమవారం టీకాలు మధ్యాహ్నం రెండు గంటలకు, అవతలి కేంద్రంలో. ఈ సంగతి అక్కడ మందులిచ్చే ఆమె చెప్పగా తెలిసినది.’

రెండో వాక్యం కొంచెం చిన్న అక్షరాలతో రాశాను. కనబడటం లేదు పెద్దమ్మా అంది నర్సమ్మ. చెరిపి, పెద్దగా రాశాను.