చెక్కగోడ తీసేసిన ఏడాది

కొట్టు బోర్డు మీదా, ఊళ్ళో సగంమంది ఫోన్లలోనూ అతుకులక్కగా ఉన్న నేను, అరవై దాటిన వయసులో, తెలివి తేటగా ఉండగా, ఒకరు చెబితే కాకుండా, ఒకరికి భయపడి కాకుండా, నా కష్టార్జితం నా తదనంతరం ఎవరెవరికి ఎలా చెందాలో నిర్ణయించి రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. రాయాలన్న ఆలోచన కూడా ఈ ఏడాదే వచ్చింది. బుద్ధి స్థిరంగానే ఉంది, కుడిచెయ్యే స్థిరంగా లేదు. వేళ్ళు వణుకుతున్నాయి, ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పారు. కంప్యూటర్ కార్డుల మీద వెంట్రుకంత తీగలు అతికే పనికి ఆ వేళ్ళు ఇక పనికిరావు. అందుకే పంపకం చేస్తున్నాను. ఏడుస్తూ రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఇన్నేళ్ళ పనిలో ఈ ఏడాది తలెత్తుకున్నంతగా ఎప్పుడూ తలెత్తుకోలేదు.

చిత్తుప్రతి చూసి లాయరుగారు, "ఆస్తి వివరాలు చాలమ్మా, ఈ కథంతా ఎందుకు?" అన్నారు. కథ చెప్పకపోతే ఏది ఎవరికి ఎందుకిచ్చానో ఎలా తెలుస్తుంది? ఆయన ఎర్రగీత పెట్టిన వాక్యాలన్నీ అలాగే ఉంచాను.

1. కొట్టులో నా సగభాగం. వీధి మలుపులో కళ్ళద్దాల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఉన్న ఈ కొట్టు మా నాన్నది. ఆయన టీవీలు బాగుచేసేవారు. ఆయన పోయాక నాకూ మా చెల్లికీ చెరిసగం వచ్చింది. నేను చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేస్తాను, తను కొత్తవి అమ్ముతుంది. కొన్నాళ్ళు కలిసే నడిపాం. ఒకరోజు ఒక కస్టమరు నా బల్ల వైపు వస్తుంటే మా చెల్లి అందరూ వినేలా, "అక్కడ అతుకులు తప్ప ఏమీ దొరకవండీ, ఇటు రండి" అంది. ఆ వారంలోనే కొట్టు మధ్య ప్లైవుడ్ గోడ లేచింది. వడ్రంగిని పిలిచింది తను, రంగు వేయించింది నేను. ఆ తర్వాత నా వైపు బోర్డు మీద "అతుకులక్క" అని పెద్ద అక్షరాలతో రాయించాను. అలా తొమ్మిదేళ్ళు, ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తూ, మాట మాత్రం లేకుండా గడిపాం. ఎక్కడైనా ఎదురుపడితే "బాగున్నావా?" "ఆఁ." అంతే.

ఆ సగభాగం మా చెల్లి కూతురికి సర్వహక్కులతో చెందాలి. అది నా చెల్లి కూతురని మీరనుకుంటారు. నా లెక్కలో నా కూతురే. కారణం కింది అంశంలో ఉంది.

2. పనిబల్ల, మైక్రోస్కోపు, వేడిగాలి యంత్రం, సోల్డరింగ్ ఐరన్లు, డ్రాయర్లలో ఉన్న విడిభాగాలన్నీ కూడా ఆ పిల్లకే.

ఈ ఏడాది మొదట్లో కొత్తతరం గ్రాఫిక్స్ కార్డులు విడుదలయ్యాయి. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చూసుకునేది ప్రాసెసరు, తెరమీద బొమ్మలు గీసిపెట్టేది గ్రాఫిక్స్ కార్డు. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఈ కార్డు అరచేతిలో ఇమిడేది. ఇప్పుడు మూడు ఫ్యాన్లు తగిలించుకుని ఇటుకంత బరువుంటోంది. అవి విడుదలైతే అయ్యాయి గానీ కొట్లకు రాలేదు. మనిషిలా మాట్లాడే కంప్యూటర్లు నడపడానికి పెద్ద పెద్ద సంస్థలు చిప్పులన్నీ మూటగట్టుకుపోతుంటే, మిగిలిన చారెడు కోసం జనం షట్టరు తీయకముందే వచ్చి నిలబడేవారు. మా చెల్లి గోడకవతల, "వచ్చే వారం తప్పకుండా వస్తాయండీ" అనడం రోజూ వినేదాన్ని. మొదట్లో గట్టిగా చెప్పేది. పోనుపోను గొంతు తగ్గింది. నా వైపు మాత్రం ఊపిరాడని పని. కొత్తవి దొరక్క, జనం అటకమీది పాతవాటిని దుమ్ము దులిపి తెచ్చి నా ముందు పెట్టారు. చచ్చాయనుకున్న వాటిని ఎన్నింటినో లేపి కూర్చోబెట్టాను.

ఒక మధ్యాహ్నం మా చెల్లి ముందు తలుపు నుంచి నా వైపుకి వచ్చింది. చేతిలో తువ్వాలులో చుట్టిన కార్డు. పిల్లల కోసం బొమ్మల సినిమా తీస్తున్న ఒక చిన్న స్టూడియోకి అంతకుముందు ఏడాది తను అమ్మినది. కంప్యూటరు పెట్టెలో అడ్డంగా వేలాడీ వేలాడీ, తన బరువుకి తనే వంగి, బోర్డు మూల పగిలింది. సినిమా మూడొంతులు అయింది, హాల్లో వేసే రోజు ఖాయమైంది, బొమ్మలు తయారుచేసే యంత్రం మాత్రం గుడ్డిదైపోయింది.

"సర్వీసు సెంటరువాళ్ళు పారేయమన్నారు. కొత్తది ఇస్తానని స్టూడియో ఆవిడకి మాటిచ్చాను, ఎక్కడా దొరకలేదు. నువ్వు కూడా కాదంటే ఇక ఆవిడకి మొహం చూపించలేనక్కా" అంది.

తొమ్మిదేళ్ళుగా మనసులో నూరుకుంటున్న జవాబులు నాకు చాలా ఉన్నాయి. కార్డు చేతిలోకి తీసుకోగానే ఒక్కటీ గుర్తురాలేదు. "ముందు ఆ ఫ్యాను కింద కూర్చో, చెమటలు చూడు ఎలా పట్టాయో" అన్నాను.

ఇలాంటి బోర్డు పైకి ఒక్క పలకలా కనిపిస్తుంది గానీ లోపల పొరలు పొరలుగా ఉంటుంది. పొరపొరలోనూ రాగి దారులు. పగులు వాటిలో చాలావాటిని తెంచేసింది. పైపొర గీకి, తెగిన ప్రతి దారికీ రెండు కొసలూ వెతికి, సన్నని తీగతో వంతెన వేయాలి. సగం వేశాను. మర్నాడు కూర్చుంటే వేళ్ళు నా మాట వినలేదు. తీగ కొసని తాకుతుంది, జారుతుంది. మళ్ళీ తాకుతుంది, మళ్ళీ జారుతుంది. మైక్రోస్కోపులో ఆ వణుకు భూకంపంలా కనిపించింది. జీవితంలో మొదటిసారి ఐరన్ స్టాండులో పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు, అక్కడే కూర్చున్న తల్లికి ఫోను ఇవ్వడానికి వచ్చిన మా పిల్ల నా పక్కకి వచ్చి, "లే పెద్దమ్మా. నువ్వు చెప్పు, నేను పెడతా" అంది.

వేళాకోళమనుకున్నాను. అది గోడకవతల తల్లి దగ్గర మౌసులూ కేబుళ్ళూ అమ్మే పిల్ల. అయినా లేచాను. మొదటి తీగ పెట్టింది. జారలేదు. రెండోది పెట్టింది. ఐరన్ తాకించి తీసిన తీరు చూసి నాకు ఒళ్ళు ఝల్లుమంది. అది అచ్చం నేను తీసే తీరు, మణికట్టు కొంచెం పైకి తిప్పి.

"నీకెప్పుడొచ్చిందే ఈ పని?" అంది మా చెల్లి.

"గోడకి కేబుల్ కోసం కొట్టిన కన్నం ఉందిగా అమ్మా. నాలుగేళ్ళుగా అందులోంచి చూస్తున్నా. నువ్వు పారేయమన్న బోర్డులన్నీ ఇంటికి పట్టుకెళ్ళి, మేడమీద గదిలో నేర్చుకున్నా."

మా చెల్లి లేచి బల్లమీది దీపాన్ని పిల్ల వైపు జరిపింది. "తర్వాతది ఎడమ పక్కది, మెల్లిగా" అన్నాను. సాయంత్రానికి పని అయింది. స్టూడియో ఆవిడ తెచ్చిన యంత్రంలో పెట్టి మీట నొక్కాం. తెర కాసేపు నల్లగా ఉంది. తర్వాత మూలన ఒక తెల్ల గీత, ఆ తర్వాత మొత్తం వెలుతురు. స్టూడియో ఆవిడ తన సినిమాలోని ఏనుగుపిల్ల బొమ్మ తెరిచింది. అది చెవులూపింది. "వచ్చింది" అంది మా చెల్లి నెమ్మదిగా, ఎవరితోనో కాదు, తనతో తనే.

ఆ మర్నాడు స్క్రూడ్రైవరు తీసుకుని గోడ విప్పడం మొదలుపెట్టింది తనే. ఒక పక్క తను పట్టుకుంది, ఒక పక్క నేను. ఆ ప్లైవుడ్‌తోనే మా పిల్లకి నా బల్ల పక్కన ఇంకో బల్ల చేయించాం.

సినిమా హాల్లో వేశారు. చివర పేర్లు పైకి వెళ్తుంటే, "కార్డు అతికినవారు: అతుకులక్క, ఆమె కూతురు" అని పడింది. స్టూడియో ఆవిడ పొరబడింది. మా చెల్లి నా పక్క సీట్లోనే ఉంది. సరిదిద్దమని తను చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

3. సర్వీసు సెంటరులో తువ్వాలు విప్పకుండానే పారేయమన్న పెద్దమనిషికి: ఆ సినిమా మళ్ళీ ఎప్పుడు వేసినా నా ఖర్చు మీద ఒక టిక్కెట్టు. ముందు వరసలోది.

4. మా ఆయనకి. ఆయన దర్జీ. బాగైన కార్డుని చుట్టూ తిరిగి చూసి, "బరువుకి వేలాడి విరిగిందంటున్నావు, కింద ఏదైనా ఆన్చొచ్చుగా?" అన్నారు. వెంటనే మిషను మీంచి ఒక దారం రీలు తీసి, అడుగు కొంచెం అరగదీసి, కార్డు కింద నిలబెట్టారు. అతికినట్టు సరిపోయింది. అప్పటినుంచి మా కొట్టులో అమ్మిన ప్రతి పెద్ద కార్డుకీ కింద ఆయన రీలు ఒకటి. ఇదే పనికి లైట్లు వెలిగే ఇనప ఊతలు బజార్లో అమ్ముతారు. మా కస్టమర్లు మాత్రం "నాకు ఎర్రదారంది కావాలి" "మా పాప పచ్చది అడిగింది" అంటూ ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయన అడిగితే కాదనరు, అడక్కపోతే చెప్పుకోరు. ఆ చెప్పుకోవడం ఆయన తరఫున ఈ దస్తావేజులో నేను చేస్తున్నాను.

మేమున్న ఇంట్లో ఆయన బతికున్నంతకాలం ఉండి, యథేచ్ఛగా అనుభవించవలసినది. అదిగాక, నేను తలకి తగిలించుకునే దీపమున్న భూతద్దం ఆయనకే. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తూంటారు. నేను లేనప్పుడు ఇంకెవరినీ పిలవాల్సిన అవసరం ఉండకూడదు.

5. మా అబ్బాయికి. మా ఆయన తదనంతరం ఇల్లు వీడికి చెందుతుంది. వీడు లారీల ఆఫీసులో లెక్కలు చూస్తాడు. నట్టు బిగించమంటే బోల్టు విరగ్గొట్టే రకం. కొట్టు తనకి రాయలేదని నొచ్చుకుంటాడేమోనని ముందే అడిగాను. "నాకిస్తే మొదటివారంలోనే తగలబెడతానమ్మా, చెల్లికే ఇవ్వు" అన్నాడు. చెల్లి అన్నాడు. ఆ మాటకి, నాకు ఇంకో ఇల్లుంటే అదీ వీడికే రాసేదాన్ని.

ఈ వేసవిలో వీడి కోసం నేను కట్టిన చిన్న కంప్యూటరు వీడిదే. ఈ ఏటి ప్రాసెసర్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. వాటికి జ్ఞాపకం ఇచ్చే అదనపు పలకని ఇదివరకు లెక్కలు చేసే పలక మీద పరిచేవారు, ఎండల్లో దుప్పటి కప్పినట్టు వేడంతా లోపలే ఉండేది. ఇప్పుడు దాన్ని కిందికి మార్చి పరుపులా వేశారు. హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. ఇంకోరకం ప్రాసెసర్లు బొమ్మలు గీసే పని కూడా తమలోనే పెట్టుకుని, కార్డు లేకుండానే నడిచిపోతున్నాయి. వీడిది ఆ రకం. ఈ ప్రాసెసర్లు తయారుచేసిన వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళ బుర్రకి మాత్రం చేతులెత్తి మొక్కాలి. మా అబ్బాయి చేయాల్సిందల్లా ఒక్కటే, పెట్టె మూత తీయకుండా ఉండటం.

6. మా చెల్లికి. ఏడాది చివర, కంప్యూటర్లలో వేసే మెమరీ పలకల ధరలు చుక్కలనంటాయి. కార్డులు రావడంలేదని దిగులుపడిన రోజుల్లో, కొట్టు ఖాళీగా కనిపించకూడదని తను మెమరీ కొని అరల నిండా పెట్టుకుంది. ఒక వ్యాపారి కారులో వచ్చి ఉన్నదంతా ఒకేసారి ఇచ్చేయమన్నాడు, తను జన్మలో చూడని ధర చెప్పాడు. "ఇవి మా కస్టమర్లవండీ. ఏడాదంతా వచ్చే వారం, వచ్చే వారం అని తిప్పించుకున్నాను వాళ్ళని" అని పంపేసింది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పాత ధరకే ఇచ్చింది. నా పక్కనే ఉండి ఆ పని చేసింది. మా నాన్న ఉంటే వీధంతా తిరిగి చెప్పేవారు.

పసుపుపచ్చ పిడి ఉన్న మా నాన్న స్క్రూడ్రైవర్ల పెట్టె తనకి చెందాలి. పంపకాల్లో అది నా వాటాకొచ్చిందని తను లోపల్లోపల బాధపడింది, నాకు తెలుసు. అలాగే "అతుకులు తప్ప ఏమీ దొరకవు" అన్న మాట మీద నాకుగల సమస్త హక్కులనూ, భవిష్యత్తులో ఎత్తిపొడిచే హక్కుతో సహా, పూర్తిగా వదులుకుంటున్నాను.

7. షరతులు. మా పిల్ల ఏ కార్డునీ విప్పి చూడకుండా పారేయమని చెప్పరాదు. బోర్డు మీద పేరు మార్చుకోదలిస్తే మార్చుకోవచ్చు. పని నేర్చుకోవాలని వచ్చినవాళ్ళెవరూ కన్నంలోంచి చూడాల్సిన అవసరం రాకూడదు, బల్ల ఎదురుగా స్టూలు వేయాలి.

8. ఈ వీలునామా అమలు బాధ్యత లాయరుగారిది. కథ చదవక తప్పదు కాబట్టి ఓపిగ్గా చదవవలసిందిగా మనవి.

9. ఇందులో చేర్చని ఆస్తి ఒకటుంది. ఈ నెలలో ఈ ఏటి కార్డుల్లోకెల్లా పెద్దది ఒకటి నా కోసం కొనుక్కున్నాను. జీవితమంతా ఇతరుల కార్డులే పట్టుకున్నాను, నా యంత్రంలో ఎప్పుడూ ఎవరో వదిలేసిన పాతదే ఉండేది. సీలు నేనే చింపాను. ముందు గదిలో పెట్టి, విమానం నడిపే ఆట ఆడుతున్నాం. నేను నడుపుతాను, మా ఆయన పక్కన కుర్చీలో కూర్చుని దారి చెబుతారు, తప్పు చెబుతారు. నిన్న సముద్రం మీద మబ్బులు చీల్చుకుని వెళ్తుంటే, అలల మీద మా విమానం నీడ కూడా కనిపించింది. ఈ కార్డుని ఎవరికీ రాయడం లేదు. ఎవరైనా అడిగితే ఖాళీ లేదని చెప్పండి. నేను వాడుకుంటున్నాను.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగా ఉందని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: డిసెంబరు ముప్పై ఒకటి, బుధవారం, మధ్యాహ్నం, కొట్టులో.

(సంతకం)
అతుకులక్క

సాక్షులు:
కళ్ళద్దాల షాపు ఆవిడ (సంతకం)
జిరాక్సు షాపు యజమాని (సంతకం)